ఎంపిక ఒక్కపూట, పెంపకం నాలుగేళ్ళు

పత్రికల్లో తరచు కనిపించే ఫోటో ఒకటుంది. మధ్యలో ఒక కుర్రవాడు. మెడలో పూలదండ, చేతిలో ఒక కాగితం, అటూ ఇటూ తల్లిదండ్రులు, వెనుక ఊరి పెద్దలు. కింద రెండు వాక్యాలు: ఫలానా జట్టుకు మన ఊరి కుర్రవాడు ఎంపిక. చూస్తే ఎవరికైనా ఆనందమే. మర్నాడు ఆ కుర్రవాడు సంచి సర్దుకొని బస్సెక్కుతాడు. అక్కడినుంచి వాడి సంగతి ఎవరికీ పట్టదు. నాలుగేళ్ళ తరువాత వాడు పెద్ద ఆటగాడైతే మళ్ళీ ఫోటో పడుతుంది. కాకపోతే వాడెక్కడున్నాడో వాడి ఇంటివాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

రెండు ఫోటోల మధ్య వున్న ఆ నాలుగేళ్ళను గురించి ఈ వారం కొంచెం ముచ్చటించుకుందాం.

మా వేంపల్లెలో ఇప్పుడొక ఇంట్లో ఈ చర్చే నడుస్తున్నది. పిల్లవాడికి పదమూడేళ్ళు. బంతి కాలికి తగిలితే చాలు, ఇక వాడికి లోకం కనిపించదు. ఫుట్‌బాల్ శిక్షణకు ఎంపికయ్యాడు. అంగట్లో కూర్చున్న తండ్రి నన్ను పిలిచి, "సెలెక్టయినాడు సామీ, సంతోషమే. అయితే పొయినాక వాణ్ణి వాళ్ళు ఏం జేస్తారు? అది చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరే!" అన్నాడు. లోపలినుంచి తల్లి, "పదో తరగతి పోతాదేమోనని నా బాధ" అన్నది. అవ్వ బాధ మరొకటి: "వానికి సంగటి లేకుంటే జరగదు, ఆడ ఏం బెడతారో ఏమో!"

ముగ్గురి ప్రశ్నలూ మంచి ప్రశ్నలే. తండ్రి అడిగింది మరీ మంచి ప్రశ్న. "ఎంపికైనాక వాణ్ణి ఏం చేస్తారు?" ప్రపంచంలో పెద్ద పెద్ద జట్లన్నీ ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు తెలియకనే కోట్లు పోగొట్టుకున్నాయి. తెలిసిన జట్లు కప్పులు గెలుచుకున్నాయి.

ఈ ప్రశ్నకు మా వైపు అరటి రైతు దగ్గర ఒక జవాబు వుంది. ఇప్పుడు వేంపల్లె, పులివెందుల ప్రాంతాల్లో టిష్యూకల్చర్ అరటి బాగా వచ్చింది. ఆ మొక్క ప్రయోగశాలలో సీసాలో పుడుతుంది. ఎంచి ఎంచి తీసిన జాతి మొక్క. అయినా దాన్ని తెచ్చి తిన్నగా మా ఎండలో నాటితే సాయంత్రానికి తల వాల్చేస్తుంది. అందుకని ముందు తేమ వుండే చోట కొన్నాళ్ళు, తరువాత షేడ్‌నెట్ నీడలో చిన్న సంచుల్లో మరికొన్నాళ్ళు పెంచి, మెల్లమెల్లగా గాలికీ ఎండకూ అలవాటు చేసి, ఆ పైన తోటలో పెడతారు. జాతి మంచిదైనంత మాత్రాన గెల వెయ్యదని రైతుకు తెలుసు. ఆటల వ్యాపారం చేసే ధనవంతులకు ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది.

అమెరికావారిని చూడండి. వారి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా వుండే బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తే ఆట అది. తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం, కురుక్షేత్రానికి బయలుదేరినట్లు వుంటారు. కాలేజీల్లో ఆడే కుర్రవాళ్ళను పెద్ద జట్లు ఎంచుకునే పద్ధతిని వారు 'డ్రాఫ్టు' అంటారు. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ సూచన మీద 1936లో అది మొదలయింది. కిందటి సంవత్సరం అందరికన్నా అడుగున నిలిచిన జట్టు మొదట కోరుకోవాలి, గెలిచిన జట్టు చివర కోరుకోవాలి. పంక్తిలో బక్కచిక్కిన పిల్లవాడికి ముందుగా వడ్డించినట్లన్నమాట. ఇప్పుడు 32 జట్లు, 7 విడతలుగా ఈ ఎంపిక జరుగుతుంది. దాన్ని చూడటానికే లక్షలాది జనం టెలివిజన్ల ముందు కూర్చుంటారు.

తమాషా ఏమిటంటే, ఆ మొదటి డ్రాఫ్టులో అందరికన్నా ముందు పిలిచిన పేరు జే బెర్వాంగర్‌ది. చికాగో విశ్వవిద్యాలయంలో మహా ఆటగాడు. ఆయన వృత్తి ఆటగాడిగా ఒక్క ఆటైనా ఆడలేదు! జీతం దగ్గర మాట కుదరక వేరే బ్రతుకుతెరువు చూసుకున్నాడు. ఎంపిక వేరు, ఆట వేరు అని మొదటి రోజే తేలిపోయింది.

1998లో జరిగింది ఇంకా విచిత్రం. ఆ ఏడు మొదటి పిలుపు పేటన్ మానింగ్‌ది, రెండోది రయాన్ లీఫ్‌ది. ఇద్దరూ క్వార్టర్‌బ్యాకులు. అంటే బంతి అందుకొని, ఎవరికి విసరాలో రెప్పపాటులో నిర్ణయించే సారథులు. ఇద్దరిలో ఎవరు మేలు అని పండితులు తెగ వాదించుకున్నారు. మానింగ్ మొదటి సంవత్సరం ఎలా ఆడాడనుకున్నారు? 28 సార్లు బంతిని ఎదుటి జట్టువాళ్ళ చేతుల్లోకి విసిరాడు. 16 ఆటల్లో జట్టు గెలిచింది 3. మన దగ్గరైతే ఆ పిల్లవాణ్ణి నాలుగో ఆటకే ఇంటికి పంపేవాళ్ళం. ఇండియానాపొలిస్ జట్టువారు మాత్రం 16 ఆటల్లోనూ అతణ్ణే నిలబెట్టారు. మరుసటి ఏడు అదే జట్టు 13 ఆటలు గెలిచింది. తరువాత మానింగ్ ఆ ఆటలో మహామహుల సరసన చేరాడు. రెండో పిలుపు అందుకున్న లీఫ్ దెబ్బలతో, తగాదాలతో సతమతమై 2002 నాటికి ఆటకే స్వస్తి చెప్పాడు. ఎంపికనాడు ఇద్దరి మధ్య వున్న తేడా వెంట్రుకవాసి.

టామ్ బ్రేడీ కథ అందుకు పూర్తిగా ఎదురు. 2000 సంవత్సరంలో అతణ్ణి పిలిచింది 199వ పేరుగా. న్యూ ఇంగ్లండ్ జట్టులో అతని ముందు డ్రూ బ్లెడ్‌సో వంటి పేరున్న సారథి వున్నాడు. మొదటి ఏడంతా కలిపి బ్రేడీ బంతి విసిరింది 3 సార్లు. మిగతా కాలమంతా చూడటం, వినడం, సాధన చెయ్యడం. 2001లో బ్లెడ్‌సోకు గట్టి దెబ్బ తగిలింది. బ్రేడీ లోపలికి వచ్చాడు. ఆ ఏడే జట్టు జాతీయ విజేత. ఆట మానే నాటికి అతని ఖాతాలో 7 మహావిజయాలు. 2017లో 10వ పిలుపుగా కాన్సాస్ సిటీ జట్టులో చేరిన పాట్రిక్ మహోమ్స్ కూడా మొదటి ఏడంతా అలెక్స్ స్మిత్ అనే పెద్దవాడి వెనుక కూర్చుని ఒకే ఒక్క ఆట ఆడాడు. మరుసటి ఏడు అతనే ఆ దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు.

మరి ఏది మంచి పద్ధతి? నీళ్ళలో దింపి ఈత నేర్పడమా, గట్టున కూర్చోబెట్టి చూపించడమా? రెండూ ఫలించాయి కదా! కొంచెం నిదానించి చూస్తే రెండింటిలోనూ కనిపించేది ఒక్కటే. వీడు మనవాడు, వీడి తప్పులు మన తప్పులు, వీడికి ఇంత కాలం ఇస్తాము అని ఎవరో ఒకరు ముందే నిర్ణయించుకున్నారు. అమెరికాలో డ్రాఫ్టులో ఎంపికైనవాడికి తొలి ఒప్పందం 4 సంవత్సరాలకు రాస్తారు. అసలు జట్టులో 53 మంది వుంటారు. వారు కాక సాధనకోసమని మరో పదహారుగురిని జీతమిచ్చి పెట్టుకుంటారు. వీరు వారమంతా పెద్దవాళ్ళతో కలిసి సాధన చేస్తారు, ఆట రోజున మాత్రం మామూలుగా బయటే వుంటారు. ఎదుగుతున్నందుకు జీతం!

"ఆ డబ్బు మనకెక్కడిది?" అంటారు మీరు. నిజమే. కాని డబ్బు లేని రోజుల్లో, ఇంత హంగూ లేకుండా, ఈ పని చేసి చూపించినవాడు మన హైదరాబాదులోనే వున్నాడు. ఆయన బడిపంతులు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టాడు. వృత్తి ఉపాధ్యాయుడు, అందుకే అందరికీ ఆయన 'రహీం సాహెబు'. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును ఆయన తీర్చిదిద్దాడు. 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డురాండ్ కప్పు కూడా పట్టుకొచ్చింది. కలకత్తా జట్ల ముందు దక్షిణాదివాళ్ళా అని నవ్వినవాళ్ళు నోరు మూసుకున్నారు. అదే రహీం భారత జట్టుకు గురువుగా 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు తెచ్చిపెట్టాడు. మధ్యలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశానికి నాలుగో స్థానం. జకార్తా నాటికే ఆయనకు కాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశాడు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు.

రహీం సాహెబు కుర్రవాళ్ళను ఎలా పెంచాడో చూడండి. పంతులు కాబట్టి ఆయన ఒక్కొక్క పాఠానికి ఒక్కొక్క పోటీ పెట్టేవాడు. బంతిని కాళ్ళ దగ్గరే తిప్పుకుంటూ షోకు చెయ్యడం కుర్రవాళ్ళకు సరదా. దానికి మందుగా డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టాడు. బంతి రాగానే తోటివాడికి అందించాలి. చాలామందికి ఒక కాలే పనిచేస్తుంది, రెండోది ఊతకర్రలా వుంటుంది. దానికి మందుగా ఆ బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు. చిన్న పిల్లలను పెద్దవాళ్ళు తోసేస్తూవుంటే వాళ్ళ ఆట పెరగదని, పొట్టివాళ్ళకు వేరే పోటీలు. ఖర్చెంత? ఒక మైదానం, ఒక బంతి, ఒక ఈల. ఇందులో ఏది వేంపల్లె హైస్కూలు మైదానంలో చెయ్యలేనిది?

రెండో సంగతి పోలీసు ఉద్యోగం. ఆటగాడికి నెల తిరిగేసరికి జీతం వచ్చేది. ఇవాళ బాగా ఆడకపోతే రేపు ఇంట్లో పొయ్యి వెలగదేమోనన్న భయం లేదు. అమెరికావాళ్ళు 4 సంవత్సరాల ఒప్పందంలో ఏమిచ్చారో, పోలీసు శాఖ ఖాకీ చొక్కాలో అదే ఇచ్చింది.

మూడో సంగతి అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పెద్దది. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అని ఒక బీద కుర్రవాడు. రహీం కన్ను వాడి మీద పడింది. హైదరాబాదు వచ్చి సాధన చెయ్యమన్నాడు. రోజూ అంత దూరం రావడానికి డబ్బులెక్కడివని కుర్రవాడు అన్నాడు. సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీం రోజుకో రూపాయి ఇచ్చేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సైకిలు ఎంత దూరం వెళ్ళిందంటే, ఇరవయ్యేళ్ళ వయసుకు మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. 1960లో రోము ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా బలరాం గోళ్ళు కొట్టాడు. 1962లో జకార్తా స్వర్ణపు జట్టులో వున్నాడు. ఎందరో కుర్రవాళ్ళలో బలరాంను గుర్తించడం గొప్పే. కాని గుర్తించి ఊరుకుంటే అతడు అమ్ముగూడలోనే వుండిపోయేవాడు. రేపు మైదానానికి వాడు ఎలా వస్తాడు అని అడిగిన మనిషి వుండటం అసలు గొప్ప.

పాత కథలే చెబుతున్నావంటారేమో. కొత్త కథ కూడా హైదరాబాదుదే వుంది, అందులో తీపీ వుంది, చేదూ వుంది.

ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదట్లో ఆటగాళ్ళను పంచుకోవడానికి మనవాళ్ళూ డ్రాఫ్టు పెట్టారు. 2017లో బొంబాయిలో అలా ఒక పంపకం జరిగింది. తరువాత ఆ పద్ధతి పోయి, క్లబ్బులు తామే వెతికి తెచ్చుకోవడం మొదలయింది. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే క్లబ్బు పుట్టింది. మొదటి ఏడు 18 ఆటల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడు స్పెయిన్‌నుంచి మానొలో మార్క్వెజ్ అనే గురువు వచ్చాడు. పేరున్నవాళ్ళ వెంట పడకుండా కుర్రవాళ్ళను తీసుకొని ఆటలోకి దించాడు. ఉత్తరప్రదేశ్ కుర్రవాడు ఆకాశ్ మిశ్రా, సిక్కిం కుర్రవాడు ఆశిష్ రాయ్, గోవా కుర్రవాడు లిస్టన్ కొలాసో. పొరపాటు చేస్తే తిట్టి కూర్చోబెట్టకుండా, మళ్ళీ మళ్ళీ ఆడించాడు. ఆకాశ్ మిశ్రా క్లబ్బులో చేరిన మరుసటి సంవత్సరమే, 2021లో, దేశం తరపున ఆడాడు. 2021-22లో లీగు నియమం కూడా కలిసివచ్చింది. మైదానంలో విదేశీయులు 5 గురికి బదులు 4 గురే వుండాలన్నారు. అంటే మనవాళ్ళకు మరో చోటు. ఆ ఏడే, 2022 మార్చి 20న గోవాలో, కేరళ జట్టుతో 1-1గా ముగిసిన ఫైనల్లో, పెనాల్టీల దగ్గర గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి 3 బంతులు ఆపగా హైదరాబాదు విజేత అయింది. అడుగునుంచి శిఖరానికి రెండేళ్ళు!

ఇక చేదు. రెండేళ్ళు తిరక్కుండానే క్లబ్బుకు డబ్బు చిక్కులు వచ్చాయి. జీతాలు ఆగాయి. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో జట్టు మళ్ళీ అట్టడుగుకు వచ్చింది, గెలిచింది ఒకే ఒక్క ఆట. 2025లో ఆ క్లబ్బు హైదరాబాదే విడిచి, పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. నారుమడికి నీళ్ళు ఆగితే ఎంత మంచి జాతి మొక్కైనా ఏం చేస్తుంది? పెంచే మనిషి ఎంత ముఖ్యమో, ఆ మనిషి వెనుక నిలకడగా నిలబడే సంస్థ కూడా అంత ముఖ్యం. రహీం వెనుక పోలీసు శాఖ నిలబడింది. మార్క్వెజ్ నాటిన తోట వెనుక ఎవరూ నిలబడలేకపోయారు.

ఇప్పుడు మళ్ళీ తల్లిదండ్రుల మాటకు వద్దాం. పిల్లవాడు ఎంపికయ్యాడని ఉత్తరం రాగానే మిఠాయి పంచండి, తప్పులేదు. కాని బస్సెక్కించే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. పిల్ల సంబంధానికి వెళ్ళినప్పుడు ఎన్ని అడగం?

మొదటిది: నేర్పేవారెవరు, ఎన్నాళ్ళుగా వున్నారు? భవనాలు చూసి మురిసిపోవద్దు. గురువు ఏడాదికొకరు మారే చోట పిల్లవాడు ఏటా మొదటి పాఠమే నేర్చుకుంటాడు.

రెండవది: ఏడాదికి ఎన్ని పోటీ ఆటలు ఆడిస్తారు? సాధన ఎంత చేసినా, గెలుపు ఓటములున్న ఆట ఆడందే కుర్రవాడు రాటుదేలడు. పెద్ద జట్టులో చోటు లేని కుర్రవాళ్ళకు ఆటలు వుండాలనే 2022లో మన దేశంలో క్లబ్బుల కుర్రజట్లకు వేరే లీగు ప్రారంభించారు.

మూడవది: చదువు సంగతేమిటి? పిల్లవాణ్ణి బడిలో పేరుకు మాత్రం వుంచి, పరీక్షలనాడు కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు. మా కడప పుట్లంపల్లెలో వున్నటువంటి క్రీడా పాఠశాలల ఉద్దేశమే చదువూ ఆటా ఒక చోట సాగాలని. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి క్రీడాగ్రామం వంటివీ మన సీమలోనే వున్నాయి. వెళ్ళి కళ్ళారా చూసి రండి, ఒక పూట అక్కడి పిల్లలతో మాట్లాడండి. అవ్వగారి సంగటి ప్రశ్న కూడా అక్కడే అడగవచ్చు. అది నవ్వులాట కాదు, ఎదిగే పిల్లవాడికి పెట్టే తిండి శిక్షణలో సగం.

నాలుగవది: దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? ఆట అన్న తరువాత మోకాలు, మడమ ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతింటాయి. ఆనాడు పిల్లవాణ్ణి బస్సెక్కించి ఇంటికి పంపేస్తారా, నయం చేయించి మళ్ళీ దింపుతారా? బలరాం వంటి బలరామే ప్లూరసీ వ్యాధివల్ల 27వ ఏట మేటి పోటీలకు దూరమయ్యాడు. ఆట ఆగినా మనిషి ఆగకుండా వుండే ఏర్పాటు ముందే చూసుకోవాలి.

ఇన్ని అడిగాక, తల్లిదండ్రులు తమను తాము అడగవలసింది కూడా ఒకటుంది. మనం ఎంత కాలం ఓపిక పట్టగలం? ఇది క్రికెట్ ఉదాహరణే అయినా చెబుతాను, ఇంటింటా తెలిసిన పేరు కనుక. విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2023 ఐ.పి.ఎల్.కు హైదరాబాదు జట్టు 20 లక్షలకు తీసుకున్నది. ఆ ఏడు ఆడించింది 2 ఆటలు. "తీసుకొని కూర్చోబెట్టారు" అని ఎందరు అనుకున్నారో! 2024లో అతడు 303 పరుగులు చేసి, వర్ధమాన ఆటగాడి బహుమతి అందుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో మెల్బోర్న్ టెస్టులో 114 పరుగులు చేసిననాడు మైదానంలో కన్నీళ్ళు పెట్టుకున్న తండ్రిని దేశమంతా చూసింది. కొడుకు ఆటకోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ఆయన. అందరూ ఉద్యోగాలు వదులుకోవాలని నేననను. వదులుకున్న ప్రతి ఇంటికీ సెంచరీ రాదు. కాని సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి, "ఏరా, ఇంకా టీములో ఆడించలేదా?" అని గుమ్మంలోనే అడగకుండా వుండటానికి ఖర్చేమీ కాదు కదా!

ఆఖరుగా ఒక మనవి. ఇది పత్రికలవారికి, ఊరి పెద్దలకు, సన్మాన సంఘాలవారికి కూడా. ఎంపికైన పిల్లవాడికి దండ వేసిన రోజు మీ డైరీలో తారీఖు రాసిపెట్టుకోండి. సరిగ్గా ఏడాదికి వాడున్న చోటికి ఒకసారి వెళ్ళండి. ఎవరు నేర్పుతున్నారు, ఎన్ని ఆటలు ఆడాడు, ఏం చదువుతున్నాడు, ఏం తింటున్నాడు అని అడిగి రండి. వీలైతే దండకు పెట్టే డబ్బుతో వాడికొక మంచి జోడు బూట్లు కొనిపెట్టండి. పూలదండ సాయంత్రానికి వాడిపోతుంది. రహీం సాహెబు ఇచ్చిన సైకిలు అద్దె రూపాయి మాత్రం ఇంతకాలమైనా చెల్లుతూనే వున్నది.